అక్షరమునకు ఆయువు

అక్షరమను మాటకు నశింపనిది అని అర్థము. క్షరము కానిది అక్షరము. మన పూర్వులు వ్రాతకు ఇంత గొప్ప పేరు పెట్టిరి. కాని వ్రాసిన అక్షరము తనంత తాను నిలువదు. అది దేనిమీద వ్రాయబడినదో ఆ వస్తువు నిలిచినంత కాలమే అదియు నిలుచును. ఇసుకలో వ్రాసిన అక్షరము గాలి వీచునంతవరకు బ్రతుకును. పలకమీది అక్షరము తడిగుడ్డ తగులునంతవరకు బ్రతుకును. కాగితముమీది అక్షరము చెదలు పట్టునంతవరకు బ్రతుకును. ఇక వేలిగోరంత బిళ్లలో దాచిన అక్షరము ఎంతకాలము బ్రతుకును? ఈ ప్రశ్న నేటి బాలబాలికలు తప్పక తెలిసికొనదగినది.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని కోనరావుపేట వంటి గ్రామములలో నేడు చేతిఫోను లేని యిల్లు అరుదు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల నుండి ఎందరో జీవనోపాధికై గల్ఫు దేశములకు పోయి యున్నారు. వెనుకటి దినములలో వారి క్షేమసమాచారము ఉత్తరములలో వచ్చెడిది. ఆ యుత్తరములు నేటికిని కొన్ని యిండ్లలో పెట్టె యడుగున భద్రముగ నున్నవి. ఇప్పుడు వారి మాటలు, ముఖములు, పండుగనాటి ఛాయాచిత్రములు అన్నియు ఫోనులోని చిన్న బిళ్లలోనికి చేరుచున్నవి. బతుకమ్మ పండుగకు అవ్వలు పాడు పాటలను మనుమరాండ్రు అందులోనే పట్టి యుంచుచున్నారు. ఆ పాటలు పెక్కింటికి వేరొక ప్రతి లేదు. కావున బిళ్ల చెడినచో పాట పోవును, చిత్రము పోవును, ఒక్కొక్కప్పుడు దూరమైన మనిషి కంఠస్వరమే పోవును. బిళ్ల ధర కొన్ని వందల రూపాయలు మాత్రమే. అందున్న దానికి మాత్రము వెల లేదు.

బండమీది పద్యములు

కోనరావుపేటకు సమీపమున నున్న వేములవాడ ఒకప్పుడు చాళుక్య రాజులకు రాజధాని. పదవ శతాబ్దిలో అచట రెండవ అరికేసరి రాజ్యము చేసెను. కన్నడమున ఆదికవియని కొనియాడబడు పంపమహాకవి ఆతని ఆస్థానమున నుండెడివాడు. ఆ కవి తమ్ముడు జినవల్లభుడు. కరీంనగరము జిల్లా గంగాధర మండలమున కురిక్యాల గ్రామము చెంత బొమ్మలమ్మగుట్ట అను కొండ యున్నది. జినవల్లభుడు సుమారు క్రీ.శ. 945 ప్రాంతమున ఆ కొండబండపై జైన దేవతామూర్తులను చెక్కించి, వాని దిగువను ఒక శాసనము వ్రాయించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలు కలవు. తెలుగు భాగము కంద పద్యములలో నున్నది. నన్నయ భట్టారకుడు మహాభారతమును తెలుగు చేయుటకు దాదాపు నూరేండ్లకు ముందే మన ప్రాంతమున కంద పద్యము వెలసియుండెనని ఈ బండ సాక్ష్యము పలుకుచున్నది.

వేయేండ్లకు పైగా ఎండలు కాచినవి, వానలు కురిసినవి, రాజ్యములు మారినవి. ఆ పద్యములు మాత్రము చెరగలేదు. వానిని కాపాడుటకు తాళము లేదు, కావలివాడు లేడు, విద్యుత్తు లేదు. శిల యొక్క దృఢత్వమే వానికి రక్ష.

అయితే శిలకు రెండు కొరతలు కలవు. ఒక పెద్ద బండ మీద పట్టునవి కొన్ని వందల అక్షరములు మాత్రమే. మరియు, దానిని చదువగోరువాడు కొండ కడకు పోవలెను గాని కొండ వాని కడకు రాదు. భారతమంతయు శిలలపై చెక్కింపవలెనన్నచో ఎన్ని కొండలు కావలెను? ఎందరు శిల్పులు కావలెను? కావుననే మనుష్యుడు మరింత చిన్నదియు, తేలికైనదియు, వెంట తీసికొని పోదగినదియు నగు వస్తువునకై వెదకసాగెను.

ఆకు, రేకు

అట్లు వెదకిన మన పూర్వులకు తాటియాకు దొరికెను. ఆకులను ఆరబెట్టి, పదును పట్టి, ఒక కొలతకు కోసి, గంటముతో గీసి, ఆ గీతలలో మసి రుద్దిన అక్షరములు నల్లగ తేలును. చిల్లులలో త్రాడు దూర్చి, పైన క్రింద చెక్కబద్దలు పెట్టి, గుడ్డలో చుట్టినచో ఒక గ్రంథమగును. దానిని చంకన బెట్టుకొని పండితుడు ఊరూరు తిరుగవచ్చును. పురుగు పట్టకుండ నిమ్మగడ్డి నూనె రాయుట కూడ వాడుకలో నుండెను.

కాని ఆకు శిల కాదు. ఎంత జాగ్రత్త పడినను కొన్ని వందల యేండ్లకు అది పెళుసై విరుగును. నన్నయ చేతిమీదుగా వెలసిన తొలి తాళపత్రములు నేడు లేవు. అయినను ఆయన భారతము నేటికిని విద్యార్థుల చేతులలో నున్నది. ఇది యెట్లు సాధ్యమైనది? ప్రతి తరమునను ఎవరో ఒకరు పాత ఆకులు శిథిలము కాకముందే క్రొత్త ఆకులపైకి ఎత్తి వ్రాసిరి. ఒక ప్రతి చెదల పాలైనను వేరొక ఊరిలో మరియొక ప్రతి మిగిలెను. ఆకు అల్పాయువు, గ్రంథము దీర్ఘాయువు. నడుమ నున్నది వ్రాయసకాని ఓపిక.

పందొమ్మిదవ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపలోను ఇతర స్థలములలోను ఈ పనినే పెద్ద యెత్తున జరిపించెను. ఆయన 1798లో జన్మించి 1884లో మరణించెను. ఊళ్లలో మూలబడియున్న తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులకు జీతములిచ్చి, ఒక ప్రతితో మరియొక ప్రతిని సరిపోల్చి, తప్పులు దిద్దించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చు వేయించెను. ఆ ప్రతులలో పెక్కులు నేడు మద్రాసులోని ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున నున్నవి. తెలంగాణమున ఆచార్య బిరుదురాజు రామరాజు పల్లె పల్లెకు తిరిగి జానపదుల పాటలను వ్రాసికొని, వానిపై పరిశోధన చేసిరి. నోటిమాటగ గాలిలో కలిసిపోవలసిన పాటలు కాగితమెక్కుటచే బ్రతికినవి.

ఆకుకంటె గట్టిది రాగిరేకు. తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమున ఉంచబడెను. అన్నమయ్య ముప్పదిరెండు వేల సంకీర్తనములు రచించెనని ఆయన మనుమడు చెప్పినాడు. రేకులపై దొరకినవి పండ్రెండు వేలకు పైబడి యున్నవి. రాగికి చెదలు పట్టలేదు, తుప్పు తినలేదు. అయినను ఆ పాటలు శతాబ్దముల తరబడి లోకమున వినబడలేదు. 1922 ప్రాంతమున ఆ రేకులు వెలుగునకు వచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు శ్రమపడి చదివి పరిష్కరించిన పిమ్మట గాని అవి మరల తెలుగువారి నోట పలుకలేదు. వస్తువు చెడకుండుట ఒక్కటే చాలదు. దానిని తెరచి చదువువాడు కూడ ఉండవలెనని రాగిరేకులు బోధించుచున్నవి.

చిల్లుల అట్టలు

సిరిసిల్ల నేతకు ప్రసిద్ధి కెక్కిన పట్టణము. అచటి నేతగాండ్రు అగ్గిపెట్టెలో ఇమిడిపోవు చీరను నేసి లోకమును ఆశ్చర్యపరచిరి. అధికమైన దానిని అల్పమైన చోట ఇముడ్చుట వారికి క్రొత్త కాదు. నేటి బిళ్లకు మూలపురుషుడని చెప్పదగిన సాధనము కూడ మగ్గముమీదనే పుట్టినది. ఫ్రాన్సు దేశమున జకార్డు అను నాతడు 1804 ప్రాంతమున చిల్లులు పొడిచిన అట్టలను మగ్గమునకు అమర్చెను. చిల్లున్న చోట ఒక రీతిగను, చిల్లు లేని చోట వేరొక రీతిగను పడుగు దారములు లేచి దిగుటచే బట్టలో పువ్వులు, లతలు, హంసలు తమంత తామే ఏర్పడును. అనగా ఆ యట్టల దొంతరయే ఒక చీర అంచు యొక్క జ్ఞాపకము. చిల్లులున్నవి, లేనివి అను రెండు గుర్తులతోనే ఎంతటి చిత్రమునైనను దాచవచ్చునని అది నిరూపించెను.

ఈ సూత్రమునే గ్రహించి అమెరికాలో హోలెరిత్ అను శాస్త్రజ్ఞుడు 1890 నాటి జనాభా లెక్కలకు చిల్లుల అట్టలను వాడెను. తరువాత వచ్చిన కంప్యూటరుకు కూడ రెండే గుర్తులు: ఒకటి, సున్న. ఇట్టి గుర్తు నొక్కదానిని బిట్టు అందురు. ఎనిమిది బిట్లు చేరినచో ఒక బైటు. నేడు లోకమంతట వాడుకలో నున్న యూనికోడు పద్ధతిలో తెలుగు వర్ణమొక్కటి సామాన్యముగ మూడు బైట్లు ఆక్రమించును. ఒత్తులును గుణింతములును వేరువేరుగ లెక్కకు వచ్చును. కావున ‘స్త్రీ’ అను ఒక్క యక్షరమునకే పదునెనిమిది బైట్లు కావలెను.

ఆంధ్ర మహాభారతమున ఇరువదియొక్క వేలకు పైగా పద్యగద్యములు కలవు. ఒక్కొక్కదానికి సుమారు ఐదువందల బైట్లని లెక్కించినచో గ్రంథమంతయు పది పదునొకండు మెగాబైట్లలో ఇమిడిపోవును. మెగాబైటనగా పది లక్షల బైట్లు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ మొట్టమొదటి డిస్కు యంత్రమును నిర్మించెను. అందు యాబది పెద్ద పళ్లెములు కలవు. బరువు ఒక టన్నుకు మించి యుండెను. అయినను అందు పట్టినవి ఐదు మిలియనుల, అనగా యాబది లక్షల, గుర్తులు మాత్రమే. మన భారతములో సగము కూడ అందు పట్టదు.

గోరంత బిళ్ల

1984లో జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేయుచున్న మసువోకా అను ఇంజనీరు ఫ్లాష్ మెమరీ అను నూతన సాధనమును లోకమునకు వెల్లడించెను. పెన్ డ్రైవులు, ఫోనులలోని మెమరీ కార్డులు అన్నియు దాని సంతతియే. నేటి మైక్రో కార్డు పొడవు పదునైదు మిల్లీమీటర్లు, వెడల్పు పదునొకండు మిల్లీమీటర్లు, మందము ఒక మిల్లీమీటరు. 2019లో ఒక టెరాబైటు పట్టు కార్డులు విపణిలోనికి వచ్చినవి. టెరాబైటనగా పది లక్షల మెగాబైట్లు. ఆ గోరంత బిళ్లలో ఆంధ్ర మహాభారతము రమారమి లక్ష ప్రతులు దాచవచ్చును. 2018లో వెలువడిన నియమావళి ప్రకారము ఇట్టి కార్డులను నూటయిరువదియెనిమిది టెరాబైట్లవరకు పెంచుకొనవచ్చును.

ఇంత చిన్న వస్తువులో అంత పెద్ద భాండాగారము ఎట్లు ఇమిడెను? ఆ బిళ్లలో కోటానుకోట్ల సూక్ష్మమైన గదులు కలవు. ఒక్కొక్క గదిచుట్టును విద్యుత్తును పోనీయని పలుచని పొర గోడవలె నుండును. వ్రాయునపుడు విద్యుద్బలముచే ఎలక్ట్రానులను ఆ గోడ దాటించి గదిలోనికి నెట్టుదురు. శక్తిని ఆపినంతనే అవి లోపల చిక్కుకొనును. గది నిండియున్నచో ఒక గుర్తు, ఖాళీగ నున్నచో మరియొక గుర్తు. ధాన్యము పోసిన గుమ్మిని, పోయని గుమ్మిని చూచి తేడా కనుగొన్నట్లే యంత్రము ఆ గదులను చూచి అక్షరములను పోల్చుకొనును.

తరువాత శాస్త్రజ్ఞులు మరియొక యుక్తి పన్నిరి. గుమ్మి నిండా ఉన్నదా, ఖాళీయా అని మాత్రమే చూడక, ఎంత మట్టమున కున్నదో కొలిచినచో ఒకే గదిలో ఎక్కువ గుర్తులు దాచవచ్చును గదా! ఎనిమిది మట్టములను గుర్తించినచో మూడు బిట్లు, పదునారు మట్టములను గుర్తించినచో నాలుగు బిట్లు ఒకే గదిలో ఇముడును. గదులను అంతస్తులపై అంతస్తులుగ పేర్చుట కూడ నేర్చిరి. అందుచేతనే బిళ్ల పరిమాణము పెరుగకయే దాని సామర్థ్యము పెరిగినది.

బిళ్ల ఏల మరచును?

ఇచటనే చిక్కున్నది. గుమ్మికి సన్నని బీట పడినచో గింజలు మెల్లగ కారిపోవును. అట్లే గది గోడగుండ ఎలక్ట్రానులు ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగ జారిపోవుచుండును. నిండు, ఖాళీ అను రెండే మట్టములున్నపుడు కొద్దిపాటి నష్టము తెలియదు. పదునారు మట్టములున్నపుడు కొంచెము తగ్గినను ఒక మట్టము వేరొక మట్టముగ కనబడును. అక్షరము తారుమారగును. కొద్ది తప్పులను సరిదిద్దుకొను ఉపాయము యంత్రములో నున్నది గాని, తప్పులు హద్దు మీరినపుడు అదియు నిస్సహాయమగును. ఎక్కువ దాచగోరిన కొలది అక్షరము బలహీనమగుచున్నదన్నమాట.

వ్రాయుచు చెరుపుచు నున్న కొలది ఆ గోడలు అరుగును. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క బిట్టు మాత్రమే దాచు శ్రేష్ఠమైన రకము లక్ష మార్లవరకు చెరిపి వ్రాయుటకు ఓర్చుకొనును. మూడు నాలుగు బిట్లు దాచు రకము కొన్ని వేల మార్లకో, అంతకు లోపుగనో అలసిపోవును. వేడి దీనికి మరియొక శత్రువు. ఉష్ణము పెరిగిన కొలది ఎలక్ట్రానులు త్వరగ జారును. వైశాఖ జ్యేష్ఠములలో నలువదియైదు డిగ్రీల వేడిమి కాయు కరీంనగర, జగిత్యాల ప్రాంతములలో రేకుల కప్పు క్రిందను, ఎండలో నిలిపిన బండి పెట్టెలోను ఈ బిళ్లలను ఉంచుట మంచిది కాదు. విద్యుత్తు తగులకుండ ఏండ్ల తరబడి మూలబడిన బిళ్ల తనలోనిది తాను మరచిపోవచ్చును.

ఇతర సాధనములకును తమ తమ వ్యాధులు కలవు. హార్డ్ డిస్కులో గిర్రున తిరుగు పళ్లెముపై వెండ్రుక కంటె ఎన్నో రెట్లు సన్నని ఎడముతో చదువు ముల్లు కదలుచుండును. క్రింద పడినచో ఆ ముల్లు పళ్లెమును గీరును. ఇంటిలో వ్రాసికొను సీడీలలోని రంగుపొర ఎండకు వెలిసిపోవును. అయస్కాంతపు టేపును చల్లని పొడి గదిలో నుంచినచో ముప్పది యేండ్లవరకు ఉండునని దానిని చేయువారు చెప్పుదురు. కావున పెద్ద పెద్ద సంస్థలు నేటికిని టేపును విడువలేదు.

ఇవి వస్తుదోషములు. మోసము మరియొకటి కలదు. అంగళ్లలో అతి చవుకగ దొరకు కొన్ని కార్డులపై టెరాబైటని అచ్చు వేసి యుండును. లోపల నిజముగ నున్నది అందులో కొద్ది భాగమే. నిండిన పిదప అది క్రొత్తదానిని పాతదానిమీదనే వ్రాయును. కొన్నవానికి అది చాల కాలమువరకు తెలియదు. తెలియునప్పటికి పాత చిత్రములు ఉండవు.

చదువు సాధనము

బొమ్మలమ్మగుట్ట శాసనము చూచుటకు కన్ను చాలును. లిపి తెలిసిన పండితుడుండిన చాలును. బిళ్లలోని అక్షరమునకు అది చాలదు. దానిని చదువు యంత్రము, యంత్రమునకు తగిన రంధ్రము, లోపలి గుర్తులను అక్షరములుగ మార్చు విధానము అన్నియు కావలెను. వీనిలో ఒకటి కాలగర్భమున కలిసినను బిళ్ల చెక్కుచెదరకున్నప్పటికి మూగదే.

ఇంగ్లండు దేశమున విలియము రాజు 1086లో భూములను, గ్రామములను లెక్కింపజేసి ఒక మహాగ్రంథమును చర్మపత్రములపై వ్రాయించెను. దానికి తొమ్మిది వందల యేండ్లు నిండిన సందర్భమున 1986లో బి.బి.సి. వారు నూతన కాలమునకు తగిన మరియొక గ్రంథమును సిద్ధపరచిరి. దేశములోని వేలాది పాఠశాలల బాలురు తమ యూరి సంగతులు వ్రాసి పంపిరి. వానిని లేజరు పళ్లెములపై నెక్కించిరి. పదునైదేండ్లు గడచునప్పటికే ఆ పళ్లెములను చదువు యంత్రములు అరుదైపోయినవి. 2002 ప్రాంతమున పరిశోధకులు శ్రమించి అందలి విషయమును క్రొత్త యంత్రములపైకి తేవలసి వచ్చెను. తొమ్మిది వందల యేండ్లనాటి చర్మపత్రము మాత్రము నేటికిని చదువ వీలగుచున్నది.

తెలుగునకు కూడ ఇట్టి చిక్కు కలిగినది. కంప్యూటరులో తెలుగు క్రొత్తగ ప్రవేశించిన దినములలో ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క తీరున అక్షరములకు సంకేతములు ఏర్పరచుకొనెను. ఒకరి పద్ధతిలో కూర్చిన పుస్తకమును మరియొక యంత్రములో తెరచినచో తెలుగునకు బదులు అర్థము లేని గుర్తులు కనబడును. 1991లో వెలువడిన యూనికోడు తొలి రూపములోనే తెలుగునకు స్థానము లభించెను. క్రమముగ అందరును ఆ పద్ధతికి మరలుటచే ఈ చిక్కు చాలవరకు తీరినది. అందరు ఒప్పుకొన్న లిపి, అందరు ఎరిగిన పద్ధతి కూడ అక్షరమునకు ఆయువు పోయును.

రేపటి సాధనములు

శాస్త్రజ్ఞులు ఇప్పుడు శిల యొక్క దృఢత్వమును, బిళ్ల యొక్క సామర్థ్యమును ఒక్కచోట చేర్పజూచుచున్నారు. ఇంగ్లండులోని సౌథాంప్టన్ విశ్వవిద్యాలయమువారు 2013లో స్ఫటికపు గాజులోపల లేజరు కిరణములతో సూక్ష్మమైన గుర్తులు చేసి చూపిరి. 2019లో మైక్రోసాఫ్టు సంస్థవారు అరచేతిలో ఇముడు గాజుపలకలో ఒక చలనచిత్రమంతయు దాచిరి. ఆ గాజును నీట మరగించినను, పొయ్యిలో కాల్చినను, అయస్కాంతముతో రుద్దినను లోపలి గుర్తులు చెడలేదు. ఇది ఒక విధముగ జినవల్లభుని మార్గమే. అతడు బండపై ఉలితో చెక్కించెను, వీరు గాజులో కాంతితో చెక్కుచున్నారు.

ప్రాణికోటి తమ వంశలక్షణములను దాచుకొను డి.ఎన్.ఏ. అను పదార్థములో కూడ గ్రంథములను వ్రాయవచ్చునని 2012లో అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి చర్చి నిరూపించెను. ఆయన ఒక పుస్తకమంతయు అట్లు వ్రాసెను. వేలాది యేండ్లనాటి జంతువుల యెముకలనుండి శాస్త్రజ్ఞులు ఈ పదార్థమును తీసి చదువగలుగుటయే దాని మన్నికకు నిదర్శనము. నార్వే దేశమునకు చెందిన స్వాల్బార్డు ద్వీపమున మంచు ఎన్నడును కరగని భూమిలో, పాడుబడిన బొగ్గుగనిలో, 2017లో ఒక భాండాగారమును నెలకొల్పిరి. అందు లోకములోని నానాదేశముల పత్రములను ప్రత్యేకమైన ఫిల్ముపై నెక్కించి దాచుచున్నారు. వెలుతురును, భూతద్దమును ఉన్నచో దానిని చదువవచ్చునట్లు ఏర్పాటు చేసిరి.

ఇవన్నియు ఇంకను సామాన్యుని ఇంటికి రాలేదు. గాజుపై వ్రాయు యంత్రములు మిక్కిలి ఖరీదైనవి. డి.ఎన్.ఏ.లో వ్రాయుటకు వ్యయము, కాలము రెండును అధికమే. అవి వచ్చువరకు కోనరావుపేట యింటిలోని పాట ఆగదు గదా! ఈనాడు చేయదగినది ఈనాడే చేయవలెను.

చేయవలసిన పని

పూర్వుల అనుభవమును, నేటి శాస్త్రమును కలిపి చూచినచో మార్గము స్పష్టమగుచున్నది. ఒక్క బిళ్లను నమ్మరాదు. విలువైన దానికి మూడు ప్రతులుండుట మేలు. అవి మూడును ఒకే రకపు సాధనముపై నుండరాదు. ఒకటి ఫోనులో, మరియొకటి హార్డ్ డిస్కులో ఉండవచ్చును. మూడవది వేరొక ఊరిలోని బంధువు నింటనో, ఇంటర్నెట్ భాండారములోనో ఉండవలెను. ఇల్లు కాలినను, వరద వచ్చినను, దొంగ పడినను ఒకటి మిగులును. తాళపత్ర గ్రంథములు బ్రతికినది ఈ నియమము చేతనే.

రెండు మూడేండ్ల కొకసారి ప్రతులను తెరచి చూచి, క్రొత్త సాధనముపైకి ఎత్తి వ్రాయవలెను. చిత్రమునకు ఊరు, పేరు, తేదీ వ్రాసి యుంచవలెను. పేరు లేని చిత్రము నలువదియేండ్ల తరువాత చూచువారికి అపరిచితుని ముఖమే. అతి ముఖ్యమైన వానిని కాగితముపై అచ్చు వేయించుట నేటికిని తెలివైన పనియే. బతుకమ్మ పాటను ధ్వనిరూపమున దాచుటతో తృప్తి పడక, నోటు పుస్తకములో వ్రాసికొని, నేర్చుకొని పాడినచో అది మూడు చోట్ల నిలుచును. ఆ మూడింటిలో కంఠము అన్నిటికంటె పాతది.

ఒక తెలుగువాని ఉదాహరణము కూడ ఇచట స్మరింపదగినది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగు పురస్కారము పొందిన దబ్బల రాజగోపాలరెడ్డి, పుస్తకములను ఛాయారూపమున కంప్యూటరులలో నెక్కించు మహోద్యమమునకు నాయకత్వము వహించెను. మిలియను పుస్తకముల పథకమను పేర ఆరంభమైన ఆ పనిలో 2007 నాటికి పదునైదు లక్షలకు పైగా గ్రంథములు చేరినవి. వానిలో తెలుగు గ్రంథములు వేలకొలది కలవు. ఆ పథకములో భాగమైన భారత డిజిటల్ గ్రంథాలయపు వెబ్‌సైటు తరువాత నిలిచిపోయెను. అయినను అందలి పుస్తకములు పెక్కులు వేరొకచోట ప్రతులుగ నుండుటచే చదువరులకు దక్కినవి. వేయేండ్లనాటి వ్రాయసకాని నీతియే ఇంటర్నెట్ కాలమునందును పనికివచ్చినది.

బిళ్లలు రేపు మరింత చిన్నవి కావచ్చును, మరింత దృఢమైనవి కావచ్చును. అయినను తనంత తానే చిరకాలము నిలుచునట్టి సాధనము సామాన్యుని చేతికి ఇంకను రాలేదు. బొమ్మలమ్మగుట్ట అక్షరములను శిల కాపాడినది. నన్నయ అక్షరములను మాత్రము మనుష్యులు కాపాడిరి. ఇంటిలోని పాత చిత్రమును నేడు మరియొక చోటికి ఎత్తి వ్రాయు బాలుడును, అవ్వ పాటను పుస్తకములో వ్రాసికొను బాలికయు ఆ మనుష్యుల వరుసలోనివారే.

ప్రశ్నలు

1. శిల, తాటియాకు, రాగిరేకు: వీని గుణదోషములను పోల్చి వ్రాయుడు.
2. నన్నయ నాటి తాళపత్రములు లేకున్నను ఆయన భారతము నేటివరకు ఎట్లు నిలిచినది?
3. జకార్డు మగ్గపు అట్టకును కంప్యూటరుకును గల సంబంధమేమి?
4. మెమరీ కార్డులో ఎక్కువ విషయము దాచిన కొలది దాని మన్నిక ఏల తగ్గును? గుమ్మి దృష్టాంతముతో వివరింపుడు.
5. 1086 నాటి గ్రంథమునకును 1986 నాటి గ్రంథమునకును పట్టిన గతిని బట్టి మీరు గ్రహించిన నీతి యేమి?
6. మీ యింటిలోని పెద్దలను అడిగి, మరియెచటను వ్రాయబడని ఒక పాటనో, కథనో సేకరించి, పాడినవారి పేరు, ఊరు, తేదీలతో మీ పుస్తకములో వ్రాయుడు. దానికి మరి రెండు ప్రతులు సిద్ధపరచుడు.